కణాంగాల పేర్లు చాలు, ఇక దారి చూపించండి
జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల సంపాదకులకు, ప్రశ్నపత్రాల రూపకర్తలకు బహిరంగ లేఖ



ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పిల్లల్లో ఎవరినైనా లేపి ‘గాల్జీ సంక్లిష్టం పనేమిటి?’ అని అడగండి. ప్రశ్న పూర్తికాకముందే ‘ప్యాకింగ్, స్రావం’ అని జవాబొస్తుంది. ‘రైబోసోములు?’ ‘ప్రొటీన్ల తయారీ.’ ‘మైటోకాండ్రియా?’ ఇక చెప్పక్కర్లేదు, ఆఖరి బెంచీ నుంచి కూడా ‘పవర్ హౌస్’ అని కేకేస్తారు. ఇప్పుడు ఇంకొక్కటి అడిగి చూడండి. ‘గాల్జీ ప్యాక్ చేసేది దేన్ని? అది అక్కడికి ఎలా వచ్చింది? అక్కణ్ణుంచి ఎటు పోతుంది?’ అంతవరకూ గలగలలాడిన క్లాసు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటుంది.

తప్పు పిల్లలది కాదు. వాళ్లకి మనం నేర్పింది అంతవరకే. కణం పాఠం తెరిస్తే ఒక్కో కణాంగానికి ఒక్కో శీర్షిక ఉంటుంది. దాని కింద కనుక్కున్నవారి పేరు, నిర్మాణం, విధులు. ఒకటి అయిపోగానే ఇంకొకటి. కాజీపేట, వరంగల్, డోర్నకల్, ఖమ్మం, మధిర, విజయవాడ అని స్టేషన్ల పేర్లు వల్లెవేయించి, ఇదే వరసలో ఒక రైలు నడుస్తుందన్న సంగతి మాత్రం దాచిపెట్టినట్టుంది మన పద్ధతి. జూనియర్ కాలేజీలో ఈ పాఠం చెప్పే మనిషిగా నా విన్నపం ఒక్కటే. కణాంగాల జాబితాతో పాటు వాటి గుండా సాగే ఒక ప్రొటీన్ ప్రయాణాన్ని పుస్తకంలోకి తీసుకురండి, ఆ ప్రయాణం మీద పరీక్షలో ప్రశ్న వెయ్యండి.

ఏ ప్రొటీన్ అంటారా? ఇన్సులిన్‌నే తీసుకుందాం. షుగర్ జబ్బు లేని వీధి మన ఊళ్లలో లేదు కాబట్టి ఆ పేరు పిల్లలకి కొత్త కాదు.

క్లోమంలోని బీటా కణంలో ఇన్సులిన్ నేరుగా ఇన్సులిన్‌గా పుట్టదు. కేంద్రకం నుంచి వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏని చదువుతూ రైబోసోము 110 అమైనో ఆమ్లాల గొలుసు అల్లడం మొదలుపెడుతుంది. అందులో మొదట బయటికొచ్చే 24 అమైనో ఆమ్లాలు ఇన్సులిన్‌లో భాగం కానే కావు. ‘ఈ గొలుసు కణద్రవ్యంలో ఉండాల్సింది కాదు, అంతర్జీవద్రవ్యజాలంలోకి పోవాల్సింది’ అని తెలిపే గుర్తు అది. రైబోసోము నుంచి ఆ గుర్తు తల బయటపెట్టగానే, ఆరు ప్రొటీన్లు, ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ కలిసిన ఒక రేణువు వచ్చి దాన్ని పట్టుకుంటుంది. అల్లికను కాసేపు నెమ్మదింపజేసి, రైబోసోమును తీసుకెళ్లి జాలం గోడకి ఆనిస్తుంది. గోడలో ఉన్న సన్నని మార్గం గుండా గొలుసు లోపలికి దిగుతుంది. లోపల ఉన్న ఎంజైమ్ ఆ 24ని కత్తిరించేస్తుంది. వచ్చిన పని అయిపోయింది కాబట్టి గుర్తుకి ఇక చోటు లేదు.

ఇక్కడొక్క క్షణం ఆగాలి. ‘స్వేచ్ఛా రైబోసోములు, జాలానికి అంటుకున్న రైబోసోములు’ అని మనం రెండు రకాలుగా రాయిస్తాం. పిల్లలు అవి రెండు వేర్వేరు జాతులనుకుంటారు. అసలు సంగతేమిటంటే రైబోసోము ఒక్కటే, చేతిలో ఉన్న గొలుసుని బట్టి దాని చోటు మారుతుంది. ఎర్ర రక్తకణం కాబోయే కణంలో హీమోగ్లోబిన్ గొలుసు అల్లుతున్నప్పుడు దానికి గుర్తు లేదు కాబట్టి రైబోసోము కణద్రవ్యంలోనే ఉండిపోతుంది. ఇన్సులిన్ గొలుసైతే గుర్తు ఉంది కాబట్టి గోడ దగ్గరికి పోతుంది. గరుకు జాలం గరుకుగా ఎందుకుందో ఇంతకంటే తేలిగ్గా చెప్పే మార్గం నాకు కనిపించలేదు. గ్యుంటర్ బ్లోబెల్, డేవిడ్ సబాటినీ ఈ ఊహను 1971లో ముందుకు తెచ్చారు. తర్వాత ప్రయోగాలతో దాన్ని నిలబెట్టిన బ్లోబెల్‌కి 1999లో నోబెల్ వచ్చింది.

గుర్తు తెగిపోయాక మిగిలిన 86 అమైనో ఆమ్లాల గొలుసు పేరు ప్రోఇన్సులిన్. జాలం లోపల అది సరైన ఆకారంలో మడత పడాలి. మూడు చోట్ల గంధకపు బంధాలు పడాలి, అదీ సరైన జతల మధ్యే పడాలి. కణద్రవ్యంలో ఇలాంటి బంధాలు నిలవడం కష్టం, జాలం లోపలి వాతావరణం వేరు. మడతలో సాయపడే ప్రొటీన్లు, బంధాలను సరిదిద్దే ఎంజైమ్‌లు అక్కడే ఉంటాయి. మడత కుదరని గొలుసుని జాలం ముందుకు పోనివ్వదు. మళ్లీ ప్రయత్నించనిస్తుంది, అప్పటికీ కుదరకపోతే వెనక్కి కణద్రవ్యంలోకి తోసి ముక్కలు చేయిస్తుంది.

కుదిరినవి త్వచపు సంచుల్లో గాల్జీకి చేరతాయి. గాల్జీ పళ్లెంలాంటి అరల దొంతర. జాలం వైపు అరలో ప్రవేశించిన సరుకు అవతలి వైపుకి చేరేలోగా ఏ ప్రొటీన్ ఎటు పోవాలో తేలిపోతుంది. చాలా ప్రొటీన్లకు జాలంలోనే 14 చక్కెర అణువుల కొమ్మ ఒకటి తగులుతుంది, గాల్జీ దాన్ని కత్తిరించి, చేర్చి, తీర్చిదిద్దుతుంది. ఇన్సులిన్‌కి అలాంటి కొమ్మ లేదు. ‘గాల్జీ అంటే చక్కెరలు చేర్చేది’ అని ఒక్క ముక్కలో రాయించడంలో ఇబ్బంది ఇక్కడే ఉంది. ఒక ప్రొటీన్‌కి చేసే పని ఇంకోదానికి చేయదు.

గాల్జీ అవతలి అంచున ప్రోఇన్సులిన్ స్రావక రేణువుల్లో సర్దుకుంటుంది. అక్కడ ఆమ్లత్వం పెరుగుతుంది. రెండు చోట్ల కత్తెర పడుతుంది. మధ్య నుంచి 31 అమైనో ఆమ్లాల ముక్క ఊడి వస్తుంది. మిగిలిన 21, 30 అమైనో ఆమ్లాల రెండు గొలుసులు గంధకపు బంధాలతో కలిసి ఉన్న 51 అమైనో ఆమ్లాల అణువే అసలైన ఇన్సులిన్. జింకు సాయంతో అవి ఆరేసి చొప్పున జట్టుకట్టి స్ఫటికాలవుతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో బీటా కణం రేణువు మధ్యలో నల్లటి ముద్ద, చుట్టూ తెల్లటి ఖాళీతో కనిపిస్తుంది. ఆ నల్లటిదే ఇన్సులిన్ స్ఫటికం.

ఊడిపోయిన ఆ 31 అమైనో ఆమ్లాల ముక్క వృథా పోదు. ఇన్సులిన్‌తో పాటు అదే రేణువులో ఉండి, అదే సమయంలో, అంతే సంఖ్యలో రక్తంలోకి వస్తుంది. దాని పేరు సి-పెప్టైడ్. షుగర్ వైద్యులు రాసే పరీక్షల్లో ఈ పేరు చాలామంది చూసే ఉంటారు. సూదితో ఎక్కించుకునే ఇన్సులిన్‌లో ఇది ఉండదు. అందుకే రక్తంలో సి-పెప్టైడ్ ఎంతుందో చూస్తే రోగి సొంత క్లోమం ఇంకా ఎంత ఇన్సులిన్ చేస్తోందో తెలుస్తుంది. గాల్జీ దాటాక జరిగే ఒక కత్తిరింపు గుర్తు ల్యాబ్ రిపోర్టులో అంకెగా మన చేతికొస్తోంది. ఈ సంగతి తెలిసిన పిల్లవాడికి గాల్జీని ఇంపార్టెంట్ క్వశ్చన్‌గా గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఉంటుందా?

ఆఖరి మజిలీ మిగిలింది. భోజనం చేశాక రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది. అది బీటా కణంలోకి వెళ్లి, మైటోకాండ్రియా దాకా సాగే దహనంలో ఏటీపీ పెరుగుతుంది. ఏటీపీ పెరిగితే ప్లాస్మా త్వచంలోని ఒక రకం పొటాషియం మార్గాలు మూసుకుంటాయి. దాంతో త్వచం విద్యుత్ స్థితి మారి కాల్షియం మార్గాలు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి రాగానే, అంచున సిద్ధంగా ఉన్న రేణువులు త్వచంతో కలిసిపోయి ఇన్సులిన్‌ని బయట వదులుతాయి. మన ఇళ్లలో చాలామంది వేసుకునే గ్లిమిపెరైడ్ మాత్ర పనిచేసేది ఆ పొటాషియం మార్గం మీదే. గ్లూకోజ్ చెప్పకముందే అది తలుపు మూయిస్తుంది. అమ్మమ్మ మాత్రల డబ్బాలో కణశాస్త్రం పాఠం ఉందని చెబితే ఏ పిల్లకి ఆసక్తి కలగదు?

ఈ దారి ఎలా తెలిసిందన్నది రెండో సంగతి. మన పుస్తకాల్లో శాస్త్రవేత్తల పేర్లు సంవత్సరాల పక్కన కుదురుగా కూర్చుంటాయి. 1898లో కామిల్లో గాల్జీ గుడ్లగూబ నాడీకణాల్లో వెండి లవణాల రంగుతో ఒక వలలాంటి దాన్ని చూశాడు. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు అది నిజంగా ఉందా, రంగు వేయడంలో ఏర్పడిన భ్రమా అని శాస్త్రవేత్తలు కొట్టుకున్నారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాకే తగవు తీరింది. ఉందని తేలింది సరే, అది చేసే పనేమిటి? బొమ్మలో కణం కదలదు. కదలని బొమ్మ చూసి ఏది ముందో ఏది వెనకో ఎలా చెప్పగలం?

రుమేనియాలో పుట్టి అమెరికాలో పనిచేసిన జార్జ్ పలాడే, ఆయన సహచరుడు జేమ్స్ జేమీసన్ 1967లో ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్నకి జవాబు. గినీ పంది క్లోమాన్ని పలుచని ముక్కలుగా కోసి, పోషక ద్రవంలో బతికించి ఉంచారు. మూడంటే మూడు నిమిషాలు రేడియోధార్మిక లూసిన్ అందించారు. ఆ మూడు నిమిషాల్లో తయారైన ప్రొటీన్లకే ఆ గుర్తు అంటుతుంది. వెంటనే కడిగేసి మామూలు లూసిన్ పోశారు. ఆపైన కొంతసేపటికోసారి ఒక్కో ముక్కని తీసి, జీవక్రియ ఆపేసి, పలచని పొరలుగా కోసి, వాటి మీద ఫొటో ఎమల్షన్ పూసి చీకట్లో ఉంచారు. రేడియోధార్మిక ప్రొటీన్ ఎక్కడుంటే ఎమల్షన్‌లో అక్కడ వెండి రేణువు నల్లగా మెలికలు తిరిగి కనబడుతుంది.

మూడో నిమిషంలో ఆ నల్లటి మెలికలు దాదాపు అన్నీ గరుకు జాలం మీదే. ఇంకో ఏడు నిమిషాలు గడిచాక చూస్తే చాలా భాగం గాల్జీ అంచున ఉన్న చిన్న సంచుల దగ్గర. సుమారు నలభై నిమిషాలకి సరుకు చిక్కబడుతున్న పెద్ద సంచుల్లో. రెండు గంటలకి కణం కొసన ఉన్న స్రావక రేణువుల్లో. బొమ్మలు కదలవు కానీ వరసగా పేర్చితే దారి కనిపించింది. మరుసటి ఏడాది వాళ్లే ఇంకొకటి చూపించారు. కొత్త ప్రొటీన్ల తయారీని మందుతో ఆపేసినా అప్పటికే తయారైనవి ముందుకు సాగాయి. శక్తి సరఫరాని ఆపితే మాత్రం జాలం నుంచి గాల్జీకి పోలేక నిలిచిపోయాయి. మైటోకాండ్రియాని వేరే శీర్షిక కింద పెట్టి ‘పవర్ హౌస్’ అని వదిలేస్తే ఈ ముడి ఎప్పటికి కనబడాలి? పలాడేకి 1974లో ఆల్బర్ట్ క్లాడ్, క్రిస్టియన్ డి డూవ్‌లతో కలిపి నోబెల్ ఇచ్చారు.

ఈ ప్రయోగాన్ని క్లాసులో చెప్పడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అక్కర్లేదు. బోర్డు మీద ఒక పట్టిక గీసి, ఒకవైపు నిమిషాలు, ఇంకోవైపు కణంలోని చోట్లు రాసి, ‘సరుకు ఏ దారిన పోయిందో మీరే చెప్పండి’ అంటే చాలు. తాము వేసుకున్న ప్రశ్నకి తామే జవాబు కనుక్కున్న తృప్తి పిల్లల మొహాల్లో కనిపిస్తుంది.

దారి తెలిసింది. దాన్ని నడిపించే జన్యువులేవి? బర్కిలీలో రాండీ షెక్మన్, ఆయన విద్యార్థి పీటర్ నోవిక్ బ్రెడ్డు పిండిలో వేసే ఈస్ట్‌ని ఎంచుకున్నారు. మామూలు చల్లదనంలో బాగానే ఉండి, 37 డిగ్రీలకి వేడి చేస్తే స్రావం ఆగిపోయే ఈస్ట్ రకాల కోసం వెతికారు. ఉపాయం చాలా తెలివైనది. ఎగుమతి ఆగినా తయారీ ఆగదు కాబట్టి అలాంటి కణం లోపల సరుకు పేరుకుపోయి బరువెక్కుతుంది. చిక్కటి ద్రావణంలో వేసి తిప్పితే అది అడుగుకి దిగుతుంది. అడుగున దిగినవాటిని ఏరుకున్నారు. అలా 1980 నాటికి స్రావానికి కావలసిన 23 జన్యువులు బయటపడ్డాయి. కొన్ని రకాల్లో జాలం ఉబ్బిపోయింది, కొన్నిట్లో గాల్జీ అరలు పెరిగిపోయాయి, కొన్నిట్లో సంచులు గుట్టలుగా పేరుకున్నాయి. ఎక్కడ పేరుకుందో చూస్తే ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. ఈస్ట్‌లో దొరికిన ఈ జన్యువుల బంధువులే మన కణాల్లోనూ పనిచేస్తున్నాయి. షెక్మన్‌కి జేమ్స్ రోత్మన్, థామస్ సూడోఫ్‌లతో పాటు 2013లో నోబెల్ వచ్చింది.

దారి ఎక్కడ తెగితే ఏమవుతుందన్నది మూడో సంగతి. పిల్లలకి విటమిన్ల పట్టికలో ‘విటమిన్ సి లోపం, స్కర్వీ, చిగుళ్లలో రక్తం’ అని నేర్పుతాం. కణం పాఠానికీ దానికీ ఉన్న లంకె చెప్పం. చిగుళ్లని, రక్తనాళాలని పట్టి ఉంచే కొల్లాజెన్ కూడా జాలంలోనే తయారవుతుంది. అక్కడ దాని గొలుసుల్లోని ప్రోలిన్‌లకు ఒక మార్పు జరగాలి. ఆ పనిచేసే ఎంజైమ్‌కి విటమిన్ సి కావాలి. ఆ మార్పు జరగకపోతే మూడు గొలుసుల పురి శరీరపు వేడికి గట్టిగా నిలవదు. ఉసిరికాయకీ అంతర్జీవద్రవ్యజాలానికీ ఉన్న ఈ సంబంధాన్ని రెండు వాక్యాల్లో చెప్పవచ్చు.

సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో తరచుగా కనిపించే లోపం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఒక క్లోరైడ్ మార్గపు ప్రొటీన్‌లో 508వ అమైనో ఆమ్లం ఒక్కటే లేదు. ఆ ప్రొటీన్ త్వచం దాకా చేరితే కొంతైనా పనిచేస్తుంది. కానీ మడత సరిగా లేదని జాలం దాన్ని ఆపేస్తుంది, కణం దాన్ని నాశనం చేస్తుంది. మడతకి ఆసరా ఇచ్చి దాన్ని త్వచం దాకా పంపించే మందులు వచ్చాక చాలామంది రోగుల జీవితమే మారిపోయింది. ఇక ఐ-సెల్ అనే అరుదైన వ్యాధిలో జరిగేది దీనికి తలకిందులు. లైసోసోములకు పోవాల్సిన ఎంజైమ్‌లు సక్రమంగానే తయారవుతాయి, కానీ వాటికి గాల్జీలో తగలాల్సిన మానోజ్ ఫాస్ఫేట్ గుర్తు తగలదు. అవి లైసోసోముకి పోకుండా కణం బయటికి పోతాయి. లైసోసోముల్లో ఎంజైమ్‌లు లేక, రక్తం నిండా అవే ఎంజైమ్‌లతో రోగి మిగులుతాడు. లైసోసోముని ‘సూయిసైడ్ బ్యాగ్’ అని ఒక్క మాటలో తేల్చేసిన పాఠంలో ఈ వ్యాధి ఎందుకొస్తుందో చెప్పడానికి చోటే లేదు.

ఇది డాక్టర్లు కాబోయేవాళ్లకే కావాలనుకోకండి. బైపీసీ చదివిన మన పిల్లల్లో ఎందరో చివరికి హైదరాబాద్ చుట్టుపక్కల బయోటెక్ కంపెనీల్లో ఉద్యోగాలకి చేరుతున్నారు. శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా ఈస్ట్‌లో తయారైంది. డాక్టర్ రెడ్డీస్ 2007లో విడుదల చేసిన రిటుక్సిమాబ్ ఒక యాంటీబాడీ. అలాంటి యాంటీబాడీలను చైనా హ్యామ్‌స్టర్ అనే ఎలుక జాతి జంతువు అండాశయ కణాల్లో తయారుచేస్తారు. ఎందుకంత తంటా, బాక్టీరియాలో చెయ్యకూడదా? బాక్టీరియాకి జాలమూ లేదు, గాల్జీ లేదు. 1982లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి మానవ ఇన్సులిన్‌ని ఇ.కోలైలో చేసినప్పుడు రెండు గొలుసులను వేర్వేరుగా తయారుచేసి బయట కలపాల్సి వచ్చింది. ఇన్సులిన్ చిన్నది, చక్కెర కొమ్మల్లేనిది కాబట్టి సరిపోయింది. యాంటీబాడీకి తగిలే చక్కెరలు మారితే అది రోగకణాన్ని చంపించే శక్తే మారిపోతుంది. అందుకే ఆ చక్కెరల లెక్క సరిగా ఉందా లేదా అని చూడటానికే అక్కడ క్వాలిటీ విభాగాల్లో జనం పనిచేస్తుంటారు. ఇంటర్‌లో ‘గాల్జీ అంటే ప్యాకింగ్’ అని రాసి మార్కు తెచ్చుకున్న కుర్రాడు, గాల్జీ చేసిన పనిని అక్కడ రోజంతా కొలుస్తూ, తాను కొలిచేది అదేనని తెలియకుండా ఉండే ప్రమాదం ఉంది.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. సిలబస్ ఇప్పటికే మోయలేనంత ఉందంటారు. నేను అడుగుతున్నది కొత్త పాఠం కాదు, ఉన్న పాఠానికి వరస. ఆరు శీర్షికల కింద విడివిడిగా రాసిన విధుల జాబితాలను తీసేస్తే ఇన్సులిన్ ప్రయాణానికి చోటు దానంతటదే దొరుకుతుంది. నిర్మాణాల వర్ణన, బొమ్మలు ఉండాల్సిందే, వాటిని కాదనడం లేదు. నీట్‌లో, ఈఏపీసెట్‌లో జతపరిచే ప్రశ్నలే ఎక్కువ వస్తాయి కదా అంటారు. దారి తెలిసిన పిల్లవాడు జతపరచలేడా? జత మాత్రమే తెలిసిన పిల్లవాడికే ప్రశ్న కొద్దిగా తిరగబడితే చెమటలు పడతాయి.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. మీరు ఏ ప్రశ్న వేసినా ఏడాది తిరక్కుండా గైడ్లలో దానికి రెడీమేడ్ జవాబు వచ్చేస్తుంది, మళ్లీ బట్టీయే మిగులుతుంది. నిజమే. అందుకే ప్రశ్నలో దారి తెగే చోటు ఏటా మార్చమంటున్నాను. ఒక ఏడాది గుర్తుని పట్టుకునే రేణువు పనిచెయ్యదు, మరో ఏడాది మడతకి సాయం లేదు, ఇంకో ఏడాది కాల్షియం లోపలికి రాదు. ప్రతిసారీ ‘సరుకు ఎక్కడ మిగిలిపోతుంది, ఎందుకు?’ అన్నదే ప్రశ్న. దారి తెలిస్తే అన్నిటికీ జవాబు రాయొచ్చు. దారి తెలియకపోతే ఏ గైడూ కాపాడలేదు.

కాబట్టి మూడు పనులు చేయమని అడుగుతున్నాను. వచ్చే కూర్పులో కణం పాఠం చివర, ఒక ప్రొటీన్‌ని ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి కణం బయటి దాకా వెంబడించే రెండు పేజీలు చేర్చండి. పలాడే, జేమీసన్ ప్రయోగాన్ని పట్టికతో సహా ఇచ్చి, ముగింపు మాత్రం విద్యార్థికి వదిలెయ్యండి. ప్రశ్నపత్రంలో ఒక్కటైనా కారణం అడిగే ప్రశ్న ఉంచండి.

మూడోదాన్ని కష్టమనకుండా ఉండేందుకు నమూనా నేనే ఇస్తున్నాను: ‘ఒక ఈస్ట్ కణంలో రెండు లోపాలున్నాయి. ఒకటి సరుకుని అంతర్జీవద్రవ్యజాలం నుంచి బయటికి పోనివ్వదు, రెండోది గాల్జీ నుంచి బయటికి పోనివ్వదు. ఆ కణంలో స్రావక ప్రొటీన్లు ఎక్కడ పేరుకుంటాయి? కారణం రాయండి.’ చోటు పేరు రాసినందుకు ఒక మార్కు, కారణానికి మూడు మార్కులు ఇవ్వండి. మొదటి ఏడాది చాలామంది తప్పు రాస్తారు. ఆ తప్పులు దిద్దే బాధ్యత మా అధ్యాపకులది, ఆ ప్రశ్న వేసే బాధ్యత మీది.

ఇట్లు,
భవదీయ,
జూనియర్ కాలేజీ జీవశాస్త్ర అధ్యాపక వర్గం నుంచి ఒకరు